బావ చెప్పిన తిమింగలం

మా బావ పనిచేసే ఓడవాళ్లకు సముద్రంలో కొత్త జాతి తిమింగలం కనిపించిందట. ఆ మాట వినగానే నేను మా అక్కను అడిగింది ఒకటే.

"అక్కా, బావ వీసా ఎప్పటిదాంక ఉన్నది?"

అక్క ఉండేది కోరుట్లలో, నేనుండేది సిరిసిల్లలో.  ఫోన్లో ఆమె నెమ్మదిగా, "నాకు గూడ గదే అనుమానం కొట్టింది తమ్మీ" అంది.

తిమింగలానికీ వీసాకూ ఏం సంబంధమని మీకు అనిపించిందంటే, మీ ఇంట్లోంచి గల్ఫ్‌కు ఎవరూ పోలేదన్నమాట. మా దిక్కు పోనివాళ్లు తక్కువ. పోయినవాళ్లు అక్కడి కష్టం చచ్చినా చెప్పరు. అందుకని వాళ్లు ఫోన్లో చెప్పేదాన్ని మేము తిరగేసి వింటాం. "మంచిగున్న" అని ఒకసారి అంటే నిజంగానే బాగున్నాడు. మూడుసార్లు అన్నాడంటే జ్వరం. బిర్యానీ తిన్నానన్నాడంటే ఆ పూట పస్తు. రూములో ఏసీ చల్లగా ఉందన్నాడంటే ఆ రూమే లేదు. మరి లోకంలో ఇంతవరకూ ఎవరూ చూడని తిమింగలాన్ని చూశానని చెప్పినవాడు ఏ గతిలో ఉన్నట్టు? దానికి మా దగ్గర ఒక మాట ఉంది: ఖల్లివల్లి. పనిలో పెట్టుకున్న సేటు దగ్గర్నుంచి పారిపోయి, చేతిలో కాగితాలు లేకుండా దాక్కొని బతికేవాడని అర్థం. అబద్ధమే తిమింగలమంత ఉంటే, దాని వెనక దాచిన కష్టం ఎంతుండాలి?

పైగా మా బావకు పాత చరిత్ర ఉంది.

మొదటిసారి గల్ఫ్‌కు పోయినప్పుడు ఆయన పెద్ద హోటల్లో వంటమనిషినని చెప్పాడు. తెల్లటి పొడుగు టోపీ పెట్టుకొని ఫోటో కూడా పంపాడు. అక్క దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది. రెండేళ్లపాటు ఆ హోటల్ కబుర్లు విని విని, దాని మెట్లు ఎన్నో కూడా మాకు తెలిసిపోయింది. ఆయన తిరిగొచ్చిన వారానికి అక్క వాకిట్లో కూర్చొని బీడీలు చుడుతోంది. పక్కింటి మేక ఒకటి మెల్లగా వచ్చి, చాటలో కత్తిరించి పెట్టిన ఆకులో మూతి పెట్టింది. గడపలో నిలబడ్డ బావ ఏమీ ఆలోచించకుండా గొంతు లోపలినుంచి ఒక కేక వేశాడు. "హిర్ర్‌ర్ర్... హా!"

అలాంటి కేక ఏ హోటల్లో నేర్పుతారు? ఆ మేక మూతి తీసేసి నిటారుగా నిలబడింది. అదొక్కటే కాదు, సందులో ఉన్న మేకలన్నీ తలలు తిప్పి చూశాయి. రెండు మేకలైతే నడుచుకుంటూ వచ్చి, డ్యూటీకి హాజరైనట్టు గేటు ముందు నిలబడ్డాయి.

అక్క మేకల్ని చూసింది. గోడ మీది టోపీని చూసింది.

"ఎన్ని ఉండె?" అని అడిగింది.

"ఏవి?" అన్నాడు బావ.

"గవే. హోటల్ల."

బావ నేల చూపులు చూశాడు. "మూడు వందలు. ఒంటెలు అలగ్."

రెండేళ్లు ఎడారిలో ఒక్కడే, మనిషి మొహం చూడకుండా, మేకలు కాశాడు. టోపీ ఎవరో బేకరీవాడిది. అక్క ఏడవలేదు, తిట్టలేదు. ఫోటో గోడ మీంచి తీసి పెట్టెలో బట్టల కింద పెట్టింది. "మంచిదో చెడ్డదో నిజం చెప్తె ఏడికన్నపో. ఇంకోసారి అబద్ధం చెప్పినవంటె, ఎంత మంచి పనైన ఇడిచిపెట్టి ఇంటికి రావాలె. ఒట్టు పెట్టు" అంది. బావ ఒట్టు పెట్టాడు. ఆ తర్వాత నాలుగేళ్లు కోరుట్ల, మెట్‌పల్లి పెళ్లిళ్లలో నిజంగానే గరిట పట్టి వంట నేర్చుకున్నాడు. మస్కట్‌లో ఒక చిన్న ఓడ మీద వంటమనిషిగా పోయాడు. ఈసారి టోపీ ఫోటో పంపనని ఆయనే ముందుగా చెప్పాడు.

పంపకపోవడం కూడా అనుమానమే కదా.

ఇక తిమింగలం సంగతి. అది ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపిన కబురు. అక్క ఫోన్‌కే పంపినా మాట్లాడింది నాతోనే, అందుకని అక్క దాన్ని నాకు పంపింది. ఇప్పటికీ నా దగ్గర ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"బామ్మర్దీ, నేను వంకాయలు కోస్తున్న. ఒక్కపారే పైన అందరు ఒర్లుడు వెట్టిండ్రు. ఓడ మునుగుతున్నదేమో అనుకొని కత్తి పట్టుకొనే ఉరికిన. సూస్తె నీళ్లల్ల నల్లగ, సన్నగ, మన ఆర్టీసీ బస్సు అంత పొడుగు. దవుడకు ఒక దిక్కు తెలుపు, ఇంకో దిక్కు నలుపు. ఓడను కిరాయికి తీసుకున్న సదువుకున్నోళ్లు నలుగురున్నరు, గీ జాతి మేమెన్నడు సూడలే అంటున్నరు. నీళ్లల్లకు మైకు ఇడిసి దాని పాట పట్టిండ్రు. తెలిసిన ఏ తిమింగలం గిట్ల పాడదట. బాణం లెక్క ఒకటి కొట్టి సిటికెడు తోలు తీసిండ్రు, పరీక్షకు పంపుతరట. కొత్తదే అని ఇంకా అంటలేరు. పెద్ద మేడం ఉన్నది, ఆమె అయితే దేన్నీ నమ్మది, అచ్చం నీ లెక్కనే. తోలు పరీక్ష అయ్యేదాంక ఫోటోలు బయటికి ఇయ్యొద్దన్నది. బతిమిలాడితె పాట మాత్రం నా ఫోన్ల పట్టుకోనిచ్చింది. మనకు ఇనవడేటట్టు జర స్పీడు పెంచిండ్రు. ఇను."

చూశారా? ఫోటో లేదు. పాట ఉందట. దానికీ వేగం పెంచారట. ఒక పక్క తెలుపు, ఒక పక్క నలుపు అట. కనిపెట్టినవాళ్లే నమ్మడం లేదట. నేను ఎన్నో సాకులు విన్నాను, కొన్ని స్వయంగా తయారుచేశాను కూడా. ఏడో తరగతి రెండేళ్లు చదివాను, నచ్చి. మూడో ఏడు కూడా చదువుతానంటే సారు ఒప్పుకోలేదు. ఇంటిపని ఎందుకు రాయలేదో ఆ రెండేళ్లలో నేను చెప్పిన కారణాల్లో ఒక్కటి కూడా రెండోసారి చెప్పింది లేదు. అలాంటి నాకే ఈ తిమింగలం కొత్తగా అనిపించింది.

నవ్వి వదిలేయడానికి లేదు. ఓడలో బావ ఒప్పందం ఆ నెలతో అయిపోతుంది. ఇంకో ఏడాది ఉండమని వాళ్లు అడిగారు. నెల ముగిసేలోగా చెప్పాలి. బావ ఆ నిర్ణయం అక్కకే వదిలాడు. అక్క దాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టింది.

"నువ్వు సప్పుడు ఇని మిషన్ రోగం చెప్తవు గద తమ్మీ. గీ పాట గూడ ఇను. నిజమైతె ఇంకో యేడాది ఉండనిస్త. అబద్ధమైతె రమ్మంట. మల్ల రెండేండ్లు గోడకు టోపీ పెట్టుకొని మోసపోవుడు నాతోని కాదు."

ఆమె చెప్పింది నిజమే. నేను సిరిసిల్లలో సాంచాలు బాగుచేస్తాను. కరెంటు మగ్గాన్ని మా ఊళ్లో సాంచా అంటారు. ముప్పై సాంచాలు ఒకేసారి కొట్టుకునే షెడ్డులో గుమ్మం దాటకముందే, ఎడమ వరసలో నాలుగోదానికి బోల్టు వదులైందని చెప్పగలను. మనిషి మాటలో అబద్ధాన్ని పట్టలేనేమోగానీ, ఇనుములో పట్టగలను.

షెడ్డు బయట చాయ్ హోటల్ పక్కన నిలబడి, ఫోన్ చెవికి ఆనించి విన్నాను. "ఊఁమ్మ్... ఊఁమ్మ్..." లోతుగా, ఒకే తీరుగా. మధ్యలో టక టకమని రెండు దెబ్బలు. మళ్లీ "ఊఁమ్మ్". నాకు నవ్వొచ్చింది. బేరింగులో గ్రీజు ఎండిపోయిన యంత్రం ఏదైనా ఇలాగే మూలుగుతుంది. నా లెక్క ప్రకారం అది ఏ ఐస్ ఫ్యాక్టరీలోనో పెద్ద కంప్రెసరు. బావ దాని పక్కన ఏ మూలనో పడుకొని బతుకుతున్నాడు.

అయినా తొందరపడకూడదని జగిత్యాల పోయాను. అక్కడ బస్టాండు దగ్గర ఫోన్లు రిపేరు చేసే దోస్తు ఒకడున్నాడు. కొడిమ్యాల మనిషి. పన్నెండేళ్లు మస్కట్‌లో ఉండి వచ్చాడు. అందులో మూడేళ్లు ఖల్లివల్లి. పాట వినిపించాను. వాడు స్క్రూడ్రైవరు చెవిలో తిప్పుకుంటూ విన్నాడు.

"ఇది తిమింగలం అయితె నేను మస్కట్ సుల్తాన్‌ను" అన్నాడు.

"మరేంది?"

"ఏమో. గని ఒక మాట చెప్త ఇను దోస్త్. నేను దొంగతనంగ ఉన్న మూడేండ్లు మా అవ్వకు ఏం చెప్పిన్నో ఎరుకనా? ఏర్‌పోర్టుల ఇమానాలు తుడుస్త అని చెప్పిన. ఒక్కో ఇమానం రెక్క పొడుగెంతనో గూడ చెప్పిన. ఎంత బారెడు కథ చెప్తే అవ్వ గంత కమ్మగ నిద్రపోతది."

"నువ్వు నిజంగ ఏం తుడిసినవ్?"

"కన్నీళ్లు" అని వాడు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "తీస్కరా మీ బావను" అన్నాడు.

అక్కడినుంచే కోరుట్ల బస్సెక్కాను. అది శుక్రవారం. గల్ఫ్‌లో సెలవు రోజు. ఆ రోజు మధ్యాహ్నం మా దిక్కు ఇళ్లన్నీ ఫోన్లు ముందు పెట్టుకొని కూర్చుంటాయి. అక్క వాకిట్లో బీడీల చాట ఒళ్లో పెట్టుకొని ఉంది. నేను నా తీర్పు చెప్పాను: కంప్రెసరు, బేరింగు, ఐస్ ఫ్యాక్టరీ. అక్క చుడుతున్న బీడీకి దారం కట్టడం ఆపేసింది. ఆకు చేతిలోనే విప్పుకుంది.

"మేకలే నయముండె. బయట గాలన్న పీల్చిండు" అంది.

ఇంతలో ఫోన్ వచ్చింది. అక్క స్పీకరు పెట్టింది.

"బామ్మర్ది అచ్చిండట గద! పాట ఇన్నవా?" బావ గొంతు హుషారుగా ఉంది.

"ఇన్న బావా. జర గ్రీజు పెట్టమను, మంచిగైతది" అన్నాను.

బావ పడీపడీ నవ్వాడు. అక్క నవ్వలేదు. "నువ్వు ఏడున్నవ్? నిజం చెప్పు."

"ఓడ మీద."

"ఓడ ఏడున్నది?"

"నీళ్ల మీద. ఇంకేడుంటదే?"

"సంతకం పెట్టకు. ఇంటికి రా" అంది అక్క. "ఒట్టు పెట్టినవ్ గద."

 ఆ పక్కనుంచి నీళ్లు తపతపా కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. అది కూడా నల్లా విప్పి వినిపిస్తున్నాడేమో అనుకున్నాను. అంతలా ముదిరింది నా రోగం. చివరికి బావ, "సరే" అన్నాడు. "రేపు పొద్దుగాల మల్ల పోతున్నం. ఆరు రోజులు సిగ్నల్ ఉండది. అచ్చినంక కెప్టెన్‌కు చెప్త."

అంతే. ఫోన్ పెట్టేశాడు.

సిరిసిల్లకు తిరిగొచ్చే బస్సులో ఆ "సరే" నా పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంది. రుద్రంగి దాటేదాకా అటు చూడకుండా కూర్చున్నాను. వేములవాడ వచ్చేసరికి ఇక కుదరలేదు. హోటల్ రోజుల్లో బావను ఏదడిగినా పది జవాబులు చెప్పేవాడు. లిఫ్టు ఎందుకు ఆగిందో, అరబ్బు సేటు ఏ కూర వద్దన్నాడో, అన్నీ. అబద్ధం చెప్పేవాడి దగ్గర జవాబులకు కొదవ ఉండదు, నా ఏడో తరగతి అనుభవం కూడా అదే. మరి ఈసారి ఒక్క జవాబు కూడా చెప్పలేదేం? బతిమాలలేదేం? అంతవరకూ బావ మీదున్న అనుమానం మెల్లగా లేచి నా మీదికి జరిగింది.

సోమవారం పొద్దున పది దాటాక షెడ్డులో కరెంటు పోయింది. ముప్పై సాంచాలూ ఒక్క దెబ్బకు ఆగాయి. ఆ చప్పుడులో పనిచేసేవాళ్లకు ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. చెవుల్లోంచి దూది తీసేసినట్టు ఉంటుంది. కార్మికులు చాయ్‌కి బయటికి పోయారు. నేను ఒక సాంచా మీద కూర్చొని పాట మళ్లీ పెట్టాను. చాయ్ హోటల్ దగ్గర, లారీల మధ్య, మొదటి నిమిషం విని తీర్పు చెప్పినవాణ్ని కదా. ఈసారి చివరిదాకా విన్నాను.

"ఊఁమ్మ్... ఊఁమ్మ్..." అలా కొన్నిసార్లు వచ్చి ఆగిపోయింది. ఏమీ లేదు. తర్వాత మళ్లీ మొదలైంది. ఆగే ముందు వచ్చిన మూలుగు కొంచెం పల్చగా ఉంది. మళ్లీ మొదలైనప్పుడు వచ్చింది బరువుగా, నిండుగా ఉంది. ఇంకోసారి ఆగింది. ఈసారి మొదటిదానికంటే ఎక్కువసేపు. మళ్లీ నిండుగా మొదలు. 

సాంచా ఆగుతుంది, కాదనను. దారం తెగితే ఆగుతుంది, కరెంటు పోతే ఆగుతుంది. కానీ ఆగేముందు నీరసపడి, కాసేపు ఆగి, ఛాతీ నింపుకొని మళ్లీ మొదలుపెట్టదు. ఏ బేరింగూ అలా చేయదు. బీడీ కార్ఖానాలో పనిచేసి ఉబ్బసం తెచ్చుకున్న మా పెద్దమ్మ పాట పాడేటప్పుడు అలా చేసేది. చరణం అయ్యేసరికి గొంతు పలచబడేది, ఆగి ఊపిరి తీసుకొని, కొత్త చరణం ఎత్తుకునేది. ఈ పాడేదెవరో పైకి వచ్చి ఊపిరి తీసుకొని మళ్లీ లోపలికి పోతోంది. వేగం ఎంత పెంచినా ఆ ఊపిరి మాత్రం దొరికిపోయింది.

నేను ప్రాణమున్నదాన్ని విని గ్రీజు పెట్టమన్నాను.

కరెంటు వచ్చింది. సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. వెంటనే బావకు ఫోన్ చేశాను. కలవలేదు. ఆరు రోజులు సిగ్నల్ ఉండదని చెప్పాడు కదా, అయినా ఆ నాలుగు రోజులూ రోజుకు పదిసార్లు చేశాను. కెప్టెన్‌కు ఓడ మీదే చెప్పేసి ఉంటే? నా చెవిని నమ్మి ఒక మనిషి తన జీవితంలో చెప్పిన మొదటి నిజానికి శిక్ష అనుభవిస్తే? మా బావ వంట ఎలా చేస్తాడో నాకు తెలుసు. అంత బాగా చేసేవాణ్ని ఎవరూ మళ్లీ పిలవకుండా ఉండరు. కానీ తిమింగలాలు ఉన్న వంటగది మళ్లీ దొరకదు.

శుక్రవారం పొద్దున్నే కోరుట్లలో ఉన్నాను. అక్కకు మొత్తం చెప్పాను, పెద్దమ్మ ఊపిరితో సహా. ఆమె బీడీలు చుడుతూనే విన్నది.

"మొన్న బేరింగ్ అన్నవ్. ఇయ్యాల ఊపిరి అంటున్నవ్. వచ్చే శుక్కురారం ఏమంటవ్, గది మా అత్తమ్మ గురక అంటవా?"

"తప్పైంది అక్కా. మొదటిపారి సక్కగ ఇనలే."

"ఇనకుంటనే తీర్పు చెప్పినవ్. నువ్వు సదువు బంద్ చేసుడు మంచిగైంది. జడ్జివి అయితె ఊరంత జైల్ల ఉంటుండె."

"గిప్పుడు నన్ను నమ్ముతలేవా?"

"ఆయన్ని నమ్మలేదు, నిన్ను నమ్మిన. నిన్ను నమ్మి ఇగో గిట్ల కూసున్న. ఇగ ఎవ్వల్ని నమ్మ. నేనే సూస్కుంట."

ఎలా చూసుకుంటుందో చెప్పలేదు. లేచి గేటు బార్లా తెరిచింది. సందులో అలవాటు ప్రకారం మేకలున్నాయి. కొన్ని గోడ నీడన పడుకొని, కొన్ని కరెంటు స్తంభానికి ఒళ్లు రుద్దుకుంటూ. అక్క వాటిని ఒకసారి చూసి వచ్చి కూర్చుంది. గాలి కోసం తెరిచిందనుకున్నాను. నా బుర్ర అంతే.

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. అక్క కంటే ముందు నేనే ఎత్తాను.

"బావా! చెప్పినవా కెప్టెన్‌కు?"

"లే. గీ ఆరు రోజులు రోజుకు రెండుపార్లు చెప్దామని పోయిన. ఆయన ముంగట నిలవడి, కూర ఏం చేయమంటవ్ అని అడిగి వాపసు వచ్చిన." బావ గొంతులో మొన్నటి హుషారు లేదు. "గిప్పుడు చెప్పి వస్త. అక్కకు చెప్పు, ఒట్టు మరువలే అని."

"ఆగు బావా, నాదే తప్పు..." అని నేను మొదలుపెట్టేలోపు అక్క ఫోన్ లాక్కుంది. స్పీకరు పెట్టి, వాల్యూము పూర్తిగా పెంచి, గేటు దగ్గరికి నడిచింది.

"ఇగో, ఇను. గా చేప ఎట్ల ఒర్లుతది?"

"ఏంది?"

"రోజు ఇంటున్నవ్ గద. రికార్డు వద్దు, నీ నోటితోని ఒర్లి సూపియ్."

"అందరున్నరే ఇక్కడ!"

"ఉండనియ్. మా సందుల గూడ అందరున్నరు. ఒర్లు."

ఆ పక్కన బావ గొంతు సవరించుకున్నాడు. ఎవరో ఏదో అడిగారు, ఎవరో నవ్వారు. మనిషి ఛాతీ నిండా గాలి పీల్చుకోవడం వినిపించింది. ఆ తర్వాత మా అక్క చేతిలోంచి, కోరుట్ల సందు మొత్తం నిండేలా, ఒక మూలుగు మొదలైంది. "ఊఁఁఁమ్మ్..." లోతుగా పోయి, పల్చబడి, ఆగింది. ఊపిరి. మళ్లీ నిండుగా.

అక్క ఫోన్ వైపు చూడటం లేదు. మేకల వైపు చూస్తోంది. అప్పుడు అర్థమైంది నాకు, గేటు ఎందుకు తెరిచిందో: మళ్లీ మేకలు కాస్తున్నవాడి గొంతైతే ఇవి పట్టేస్తాయి.

నెమరేస్తున్నవి నెమరేస్తున్నాయి. పడుకున్నవి పడుకున్నాయి. స్తంభానికి రుద్దుకునేది రుద్దుకుంటూనే ఉంది. ఒక్క మేక కూడా తల తిప్పి చూడలేదు.

అక్క ఇంకో క్షణం ఆగి, ఖాయం చేసుకొని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

"సంతకం పెట్టు" అంది.